ఉప్పు బాట నుంచి రేషన్ బియ్యం దాకా: మన కంచం చరిత్ర

ఎరుకల జాతి గురించి రాసినవాళ్లు ఎక్కువగా మూడు సంగతులే రాశారు: సోది, బుట్టలు, పోలీసు రికార్డులు. మన పెద్దలు ఏం తిన్నారు, చేతిలో డబ్బు లేని రోజుల్లో పిల్లల్ని ఎలా సాకారు, ఆ తిండి ఎప్పుడు మారింది, ఎందుకు మారింది అన్నది ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు మాత్రమే కాదు కదా. రోజూ పొద్దున్న, రాత్రి మన ముందుకొచ్చే కంచానికీ చరిత్ర ఉంది. కాట్రేనికోన చుట్టుపక్కల పల్లెల్లో, కోనసీమలోని మిగతా ఊళ్లలో ఉన్న మన పిల్లలు ఆ చరిత్ర తెలుసుకుంటే ఈ రోజు ఇంట్లో ఏం వండుకోవాలో కూడా కొంత తెలుస్తుంది. ఈ వ్యాసం అందుకోసమే.

ఒక మాట ముందే చెప్పుకుందాం. "మంచి తిండి డబ్బున్నవాళ్లకే" అని మన ఇళ్లలో తరచూ అంటుంటారు. ఆపిల్ పళ్లు, బాదం పప్పు, డబ్బాల్లో అమ్మే పొడులు చూస్తే ఆ మాట నిజమే అనిపిస్తుంది. చరిత్ర తిరగేస్తే మాత్రం మరో సంగతి కనిపిస్తుంది. మన పెద్దల దగ్గర డబ్బు ఇప్పటికన్నా తక్కువే, అయినా కంచంలో రకాలు ఎక్కువ ఉండేవి. ఆ రకాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయి చివరికి తెల్లన్నం ఒక్కటే మిగిలింది. అవి తగ్గడానికి మన అజ్ఞానం కారణం కాదు. దాని వెనక పన్నులున్నాయి, చట్టాలున్నాయి, కాలవలున్నాయి, మరలున్నాయి.

ఉప్పు, కరివేపాకు, వెదురు

1909లో ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆంగ్లేయ అధికారి దక్షిణ భారతదేశపు కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేయించాడు. అందులో మన జాతి శాఖల పేర్లున్నాయి. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల. ఆ పుస్తకంలో మన గురించి చులకనగా రాసిన మాటలు చాలా ఉన్నాయి, వాటిని నమ్మనక్కర లేదు. పేర్లను మాత్రం జాగ్రత్తగా చూడండి. ఒకటి ఉప్పు, ఒకటి కరివేపాకు, మూడోది వెదురు దబ్బ. రెండు పేర్లు వంటింటివి. మూడోదానితో అల్లిన చేటలూ తట్టలూ గంపలూ లేనిదే ఏ ఇంట్లోనూ గింజ చెరిగేది కాదు, కూర తెచ్చుకునేది కాదు. ఊళ్లోవాళ్ల వంటకు కావలసినవి చేర్చినవాళ్లలో మనమూ ఉన్నాం.

రైళ్లు రాకముందు సముద్రపు ఒడ్డున పండిన ఉప్పును ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి ఊళ్లకు మోసుకెళ్లినవాళ్లలో ఎరుకలవాళ్లు ఒకరు. తిరుగు ప్రయాణంలో గింజలు, చింతపండు లాంటివి తెచ్చేవారు. లావాదేవీలో ఎక్కువ భాగం డబ్బుతో కాదు, సరుకుకు సరుకే. మెట్ట ఊళ్లలో ఉప్పుకు బదులు జొన్నలు, సజ్జలు, చోళ్లు, కొర్రలు దొరికేవి. సోది చెప్పే మామ్మల చేటలో ఏ ఇంటివాళ్ల దగ్గర ఏ గింజ ఉంటే అదే పడేది. దారి పొడుగునా ఆకుకూరలు, దుంపలు, వాగుల్లో చేపలు దొరికేవి. ఇంటి దగ్గర పందులు ఉండేవి. పండక్కి మాంసం, అవసరానికి డబ్బు, రెండూ వాటితోనే.

ఆ బతుకు సుఖమైనదని చెప్పడం లేదు. వానాకాలం కష్టాలు, పస్తులు, అవమానాలు అన్నీ ఉన్నాయి. కానీ ఒక్క గింజ మీదే ఆధారపడిన బతుకు కాదది. ఒకటి దొరక్కపోతే మరొకటి ఉండేది. ఆనాటి మన తిండికి బలం ఇదే.

తిండి మీద పన్ను

1805లో ఈస్టిండియా కంపెనీ మద్రాసు రాజధానిలో ఉప్పును తన గుత్తాధికారంలోకి తీసుకుంది. ఉప్పు తయారీ, అమ్మకం కంపెనీ చేతిలోకి వెళ్లాయి, ధర పెరిగింది. తరవాత రాణి ప్రభుత్వం వచ్చినా పన్ను పోలేదు. ఉప్పు పన్ను ధనికుడికి లెక్క కాదు, పేదవాడికి మాత్రం ప్రతి ముద్దలోనూ తగిలే పన్ను. 1930లో గాంధీజీ ఉప్పు సత్యాగ్రహం మొదలుపెట్టినప్పుడు దేశమంతా కదిలింది అందుకే.

ఉప్పు మోసే మనవాళ్లకు ఇంకో దెబ్బ రైళ్లతో తగిలింది. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో పట్టాలు పడేకొద్దీ ఎద్దుల మీద ఉప్పు తీసుకెళ్లేవాళ్ల అవసరం తగ్గిపోయింది. దాని మీద 1876–78 నాటి ధాత కరువు వచ్చిపడింది. మద్రాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు ప్రాంతాల్లో లక్షలమంది చనిపోయారు, పశువులు మేత లేక కూలిపోయాయి. ఎద్దు పోతే వ్యాపారమే పోయినట్టు.

గోదావరి ఎగువన, రంప కొండల్లోని మన ఆదివాసీ సోదరులకూ అదే కాలంలో అలాంటి కష్టమే వచ్చింది. వాళ్లకు జీలుగు చెట్టు ఒక తిండి చెట్టు. దాని కల్లు తాగడానికి మాత్రమే కాదు, గింజలు అయిపోయిన నెలల్లో కడుపు నింపడానికి. కరువొస్తే జీలుగు మాను లోపలి గుజ్జును పిండిచేసి వండుకునేవారు. సొంతానికి కల్లు గీసుకునే స్వేచ్ఛను తీసేసి, ఆ హక్కును మైదానపు కాంట్రాక్టర్లకు పాటకిచ్చారు. 1879 నాటి రంప పితూరీకి ముఖ్యమైన కారణాల్లో అదొకటి. ఆ తరవాత 1882లో వచ్చిన మద్రాసు అటవీ చట్టం పోడుకు, అడవి తిండికి అడ్డుకట్టలు వేసింది. కొండ మీద జీలుగు చెట్టు మీద పడిన చెయ్యి, ఒడ్డున ఉప్పు మీద పడిన చెయ్యి ఒక్కటే.

ఇక అన్నిటికన్నా పెద్ద దెబ్బ నేరస్థ తెగల చట్టం. 1871లో ఉత్తరాదిన మొదలైన ఆ చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. పుట్టుకతోనే నేరస్థులని ముద్రవేసి, వేలిముద్రలు తీసుకుని, ఊరు దాటాలంటే అనుమతి తీసుకోవాలన్నారు. కొంతమందిని సెటిల్‌మెంట్లలో పెట్టారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం అలా పుట్టిందే. ఈ చట్టం మన పరువును ఎంత దెబ్బతీసిందో మనకు తెలుసు. తిండి సంగతి మాత్రం తక్కువ తలుస్తాం. నడిచి సంపాదించుకునే జాతిని కదలనివ్వకపోతే వాళ్ల కంచంలోకి వచ్చేవన్నీ ఆగిపోతాయి. మెట్ట ఊళ్ల చోళ్లు, సజ్జలు, దారి పక్కన కోసుకునే ఆకు, ఊరూరా మార్చుకునే సరుకు అన్నీ దూరమయ్యాయి. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ తేదీని విముక్తి దినంగా జరుపుకుంటున్నాం. చట్టం పోయింది, పోయిన తిండి మాత్రం దానంతటది తిరిగి రాలేదు.

కాలవ వచ్చింది, అన్నం వచ్చింది

ఇప్పుడు మన కోనసీమకు వద్దాం. ఈ రోజు చూస్తే కొబ్బరి తోటలు, వరి చేలు, కాలవ గట్లు కనిపిస్తాయి. రెండువందల ఏళ్ల కింద ఇది కరువు నేల. 1833 నాటి కరువులో గుంటూరు జిల్లా జనాభాలో మూడో వంతు దాకా చనిపోయారంటారు. మన రాజమండ్రి జిల్లా కూడా చితికిపోయింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలున్న ఆ జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. గోదావరి నీళ్లు పక్కనే సముద్రంలోకి పోతున్నాయి, ఒడ్డున జనం ఆకలితో పోతున్నారు.

ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేశాడు. కాలవలు తవ్వారు. కోనసీమకు సాగునీరు వచ్చింది. ఒకప్పుడు వాన మీద ఆధారపడిన పొలాల్లో వరి నిలబడింది. ఆకలి చావులు తగ్గాయి. కాటన్ దొరను గోదావరి జనం ఇప్పటికీ తలచుకోవడంలో న్యాయముంది.

భూమి లేని మనలాంటివాళ్లకు కూడా వరి చేలు పని ఇచ్చాయి. నాట్లు, కోతలు, కుప్పనూర్పులు. ధాన్యం కొలతగా కూలి. కోత అయ్యాక చేలో పరిగె ఏరుకునేవారు. గట్ల మీద పొన్నగంటి కూర, చెంచలి కూర, గలిజేరు ఉండేవి. బోదెల్లో, పంట కాలవల్లో చిన్న చేపలు, నత్తలు, పీతలు ఉండేవి. కాట్రేనికోన వైపు సముద్రం, వృద్ధ గౌతమి పాయ, బలుసుతిప్ప దాకా మడ అడవులు ఉన్నాయి కనుక ఉప్పునీటి చేపా పీతా కూడా దొరికేవి. వరి ప్రధానమైనా దాని పక్కన తోడు ఉండేది. ఆ తోడుకు డబ్బు పెట్టక్కర లేదు, ఒళ్లు వంచితే చాలు.

మర బియ్యం తెచ్చిన జబ్బు

అన్నం విషయంలో మన తీరానికి ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. ఇది మన పిల్లలందరూ తెలుసుకోవాలి.

బెరిబెరి అనే జబ్బు ఉంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పట్టు తప్పుతాయి, కొందరికి ఒళ్లు వాస్తుంది, గుండె ఆగిపోతుంది. పాలు తాగే పసిపిల్లలు ఉన్నట్టుండి చనిపోతారు. ఉత్తర సర్కారుల్లో, అంటే గంజాం నుంచి కృష్ణా వైపు వచ్చే మన తీరంలో, ఈ జబ్బు ఉందని మాల్కమ్‌సన్ అనే వైద్యుడు రాసిన పుస్తకం 1835లోనే మద్రాసులో అచ్చయింది. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా భారతదేశంలో బెరిబెరి పాతుకుపోయిన ప్రాంతం ఏదంటే మన తీరం పేరే చెప్పేవారు.

కారణం ఏమిటో మొదట జావా ద్వీపంలో తేలింది. 1890ల నాటికి బటావియాలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు ప్రయోగాల కోసం కోళ్లు పెంచేవాడు. అవి కాళ్లు పడిపోయి కూలబడ్డాయి, కొన్నాళ్లకు వాటంతటవే లేచాయి. ఆరా తీస్తే సంగతి బయటపడింది. కూలబడిన రోజుల్లో వాటికి సైనిక ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్ల బియ్యపు అన్నం వేశారు. తరవాత వచ్చిన వంటవాడు సైనికుల బియ్యం కోళ్లకెందుకని ఆపేశాడు. పొట్టున్న ముతక బియ్యం వెయ్యగానే కోళ్లు తేరుకున్నాయి. మనుషులు పారేసే తవుడులో ప్రాణం నిలిపేది ఏదో ఉందని అలా తెలిసింది. అదే విటమిన్ బి1. ఆ పనికి ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన దేశంలో ఈ జబ్బును పరిశోధించడానికి 1918లో రాబర్ట్ మెక్‌కారిసన్ నీలగిరిలోని కూనూరులో ఒక చిన్న గదిలో బెరిబెరి పరిశోధన మొదలుపెట్టాడు. ఆయన ఎలుకలకు దేశంలోని వేరువేరు ప్రాంతాలవాళ్ల తిండి పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. మద్రాసు వైపు పేదల్లా ఎక్కువ భాగం తెల్లన్నమే తిన్నవి గిడసబారాయి. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు వచ్చి, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థ అయింది. దేశానికంతటికీ ఏం తినాలో చెప్పే ఆ సంస్థ మన తీరాన్ని పీడించిన జబ్బు కోసమే పుట్టిందన్నమాట.

ఆ తరవాత కూనూరు సంస్థను నడిపిన ఐక్రాయిడ్, ఆయనతో పనిచేసినవాళ్లు ఉత్తర సర్కారులనే పరిశీలించారు. తమిళ ప్రాంతంలోనూ పేదలు అన్నమే తింటారు. మరి అక్కడ లేని బెరిబెరి ఇక్కడెందుకు? అక్కడివాళ్లు ఎక్కువగా ఉప్పుడు బియ్యం తినేవారు. ధాన్యాన్ని ముందు ఉడికించడంతో పొట్టులోని విటమిన్ గింజ లోపలికి దిగుతుంది, తరవాత మర పట్టినా కొంత మిగులుతుంది. మన తీరంలో పచ్చి ధాన్యాన్నే మర పట్టేవారు. అందులో తవుడుతోపాటు విటమిన్ కూడా పోయేది. మిగిలిన కాస్తా బియ్యం పదేపదే కడిగి, గంజి వార్చేసి పారబోస్తే పోయేది.

రోటిలో దంచుకున్నంత కాలం బియ్యం మీద కొంత తవుడు మిగిలేది. మర వచ్చాక రోకలి మూలకు చేరింది. ఆడవాళ్ల చేతులకు విశ్రాంతి దొరికింది, అది మంచిదే. కానీ బియ్యం తెల్లబడేకొద్దీ బలం తగ్గింది. ఆ రోజుల్లో కూడా పెద్దవాళ్ల ఇళ్లలో పప్పు, పాలు, కూరలు ఉండేవి కనుక తెల్లన్నం తిన్నా జబ్బు అంతగా రాలేదు. అన్నం తప్ప వేరే ఏదీ లేని ఇంటికే అది వచ్చింది.

మన గోదావరి ఇళ్లలో తరవాణి కుండ ఉండేదని పెద్దలు చెబుతారు. వార్చిన గంజిని, కడుగునీళ్లను పారబోయకుండా కుండలో పోసి పులియబెట్టి, పొద్దున్నే చద్దన్నంలో కలుపుకుని ఉల్లిపాయ నంజుకుని తినేవారు. నీళ్లలోకి దిగిన విటమిన్‌ను మళ్లీ కడుపులోకి తెచ్చుకునే పద్ధతి అది. వాళ్లకు విటమిన్ అన్న మాట తెలియదు. గంజి పారబోస్తే పాపం అన్న మాట తెలుసు.

రెండు రూపాయల బియ్యం

స్వాతంత్య్రం వచ్చాక కూడా పేదింట్లో అన్నం గ్యారంటీ కాదు. చాలా ఇళ్లలో నూకలు, అంబలి, గంజి. తెల్లన్నం పండగనాడే. అందుకే 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు పేదలకు అది మామూలు పథకంలా అనిపించలేదు. పెద్దల తిండి తమ ఇంటికి వచ్చినట్టు అనిపించింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. 2023 జనవరి నుంచి ఆ చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోల చొప్పున ఉచితం. మన అమ్మమ్మలు, తాతలు పస్తులున్న రోజులు చూశారు. వాళ్ల ముందు రేషన్ బియ్యాన్ని తీసిపారేసి మాట్లాడకూడదు. ఆ బియ్యమే లేకపోతే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదో వాళ్లకే తెలుసు.

అయితే బియ్యం ఇంటికి వచ్చిన కాలంలోనే పక్కనుండే తోడు ఇంటినుంచి వెళ్లిపోయింది. చేలకు మందులు కొట్టడంతో గట్ల మీద కూర కోసుకోవాలంటే భయం. చేలు, పోరంబోకులు రొయ్యల చెరువులైనచోట బోదెల్లో చిన్న చేప తగ్గింది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమ, కాకినాడ తీరం మీద పడి వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, లెక్కలేనన్ని కొబ్బరి చెట్లను కూల్చింది. ఆ చెట్ల కింద కూలి దొరికే పేదలకు కొన్నేళ్ల పని పోయింది. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు సాగు విరామం ప్రకటించారు. రైతు విత్తకపోతే కూలికి నాట్లు లేవు, కోత లేదు, పరిగె లేదు. కోత మిషన్లు వచ్చాక పరిగె మాట మన పిల్లలకు తెలియకుండానే పోయింది. ఇలా ఉచితంగా దొరికేవన్నీ కొనుక్కోవలసినవయ్యాయి. కొనేటప్పుడు ముందు తెగ్గోసేది కూరనే. ఇంట్లో బియ్యం ఉంది, పచ్చడో చారో పోసుకుంటే పూట గడుస్తుంది.

ఫలితం ఈ రోజు మన కళ్ల ముందుంది. బెరిబెరి పోయింది, దాని స్థానంలో రక్తహీనత, షుగరు వచ్చాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల ప్రకారం మన రాష్ట్రంలో పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సగానికి మించి రక్తం తక్కువగా ఉన్నవాళ్లే. చదువుకునే ఆడపిల్లకు కళ్లు తిరగడం, కాన్పులో ప్రాణం మీదికి రావడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం ఇవన్నీ దీనితో ముడిపడినవే. కడుపు నిండినా ఒంటికి చేరవలసినవి చేరకపోవడమే కారణం. ధాన్యాల నుంచి వచ్చే శక్తి రోజు మొత్తం తిండిలో 45 శాతం దాటకూడదని హైదరాబాదు పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఇంటి కంచంలో అన్నం ఎంతుందో, కూర ఎంతుందో ఒకసారి చూడండి. లెక్క మీకే తెలుస్తుంది.

తక్కువ డబ్బుతో తోడు తేవడం

బియ్యం మానమని ఎవరూ చెప్పరు. ఉచితంగా వచ్చేదాన్ని వదులుకోవడం తెలివి కాదు. దానికి పోయిన తోడును మళ్లీ తేవాలి. తక్కువ ఖర్చుతో ఏం చెయ్యవచ్చో మన చరిత్రే చెబుతోంది.

మొదటిది ఆకు. మునగ చెట్టు ఒక్కటి ఇంటి వెనక ఉంటే ఏడాదంతా ఆకు, కాలంలో కాయ. కొమ్మ పాతితే బతుకుతుంది. పెద్దగా నీళ్లు అడగదు. సొంత జాగా లేకపోతే పాత బకెట్‌లో తోటకూర, బచ్చలి వస్తాయి. గోంగూర, చింతచిగురు, కరివేపాకు మనకు కొత్తవి కావు. కరివేపాకు ఎరుకల అని పేరున్న జాతి పిల్లలు కూరలోంచి కరివేపాకు ఏరి పక్కన పెట్టడం ఏం బాగుంటుంది? ఆకుకూర తిన్నప్పుడు నిమ్మరసమో ఉసిరికాయో తోడైతే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే ఆ ఇనుమును టీ అడ్డుకుంటుంది. గంట ఆగి తాగాలి. దీనికి పైసా ఖర్చు లేదు.

రెండోది చిన్న చేప. పులస కోసం పుస్తెలమ్మాలన్న సామెత మనకెందుకు? ముళ్లతో సహా నమిలి తినే చిన్న చేపలో కాల్షియం ఎక్కువ. ఎండు నెత్తళ్లు, ఎండు రొయ్యపప్పు సంతలో కొంచెం కొనుక్కుంటే నాలుగైదు పూటల కూరకు సరిపోతాయి. గుప్పెడు నెత్తళ్లు తోటకూరలోనో వంకాయలోనో వేస్తే ఇంటిల్లిపాదికీ కూర రుచే మారిపోతుంది. ఉప్పు ఎక్కువ ఉంటుంది కనుక రెండుసార్లు కడిగి వండాలి. బీపీ ఉన్న పెద్దవాళ్లకు తక్కువ పెట్టాలి. పంది మాంసం తింటే బాగా ఉడికించే తినాలి, సగం ఉడికినదాంతో పురుగుల జబ్బు వస్తుంది.

మూడోది చోళ్లు. 100 గ్రాముల చోళ్లలో 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, బియ్యంలో అది ఎన్నో వంతో కూడా చెప్పుకోనక్కర లేదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక పట్నంలో వీటి ధరలు పెరిగాయి, ప్యాకెట్లలోకి ఎక్కాయి. మనకు ప్యాకెట్ అక్కర లేదు. చోళ్లు కొని మరలో పిండి పట్టించుకుని, పొద్దున్నే టీ, బిస్కెట్ల బదులు జావ కాచుకోవడం చవక. మనవాళ్ల పాత తిండే ఇప్పుడు కొత్త పేరుతో అమ్ముడవుతోందని గుర్తుంచుకుంటే చాలు.

నాలుగోది పప్పు, గుడ్డు. మూడు వంతుల బియ్యానికి ఒక వంతు పప్పు కలిస్తే ఒంటికి కావలసిన మాంసకృత్తులు బాగా అందుతాయి. కందిపప్పు ధర మండుతుంటే పెసలు, ఉలవలు, శనగలు ఉన్నాయి. పిల్లవాడి చేతిలో పెట్టే రంగు ప్యాకెట్ డబ్బుకు పుట్నాల పప్పు, బెల్లం ముక్క వస్తాయి, ఇంకో రూపాయో రెండో వేస్తే గుడ్డు వస్తుంది. జాతీయ పోషకాహార సంస్థ బక్కచిక్కిన పిల్లల కోసం తయారుచేసిన హైదరాబాద్ మిక్స్ అనే పిండిలో కూడా ఉన్నవి ఇవే: వేయించిన గోధుమలు, పుట్నాల పప్పు, వేరుశనగలు, బెల్లం. ఇంట్లోనే వేయించి పొడి చేసుకోవచ్చు.

ఐదోది మన హక్కు. 1975లో మొదలైన అంగన్‌వాడీలో గర్భిణికి, బాలింతకు, చిన్నపిల్లకు గుడ్డు, పాలు వస్తాయి. బడిలో మధ్యాహ్న భోజనం ఉంది. 2024 నుంచి దానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆవిడ మన కోనసీమ మనిషే. లంకల గన్నవరంలో ఏ వేళ ఎవరు ఆకలితో వచ్చినా అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన తల్లి. ఆవిడ పేరున్న భోజనం మన పిల్లలు సిగ్గుపడకుండా, మానకుండా తినాలి. నాలుగు రోజులు గుడ్డు రాకపోతే వెళ్లి అడగడం కూడా మన పనే. రేషన్ బియ్యంలో అక్కడక్కడ తేడాగా కనిపించే గింజలను ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారేస్తున్నారు. అవి ప్లాస్టిక్ కాదు. ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి బియ్యపు పిండితో చేసిన గింజలు, నూటికి ఒకటి చొప్పున కలిపినవి. పారేస్తే పారేసింది రక్తాన్నే. ఆ బియ్యం ఎక్కువసార్లు కడగవద్దు, గంజి వార్చకుండా అత్తెసరు పెట్టుకోండి, వారిస్తే ఆ గంజి తాగండి.

ఇవన్నీ చెప్పాక ఒక నిజం దాచకూడదు. కూలి తక్కువైన ఇంట్లో ఎంత తెలివిగా వండినా ఒక హద్దు ఉంటుంది. తోడు తగ్గింది మన సోమరితనం వల్ల కాదు కనుక దాన్ని తిరిగి తేవడం మన ఒక్కరి బాధ్యత కూడా కాదు. ఇంటి జాగా, కాలవల్లో మంచినీళ్లు, మడ అడవి, చెరువు మీద పేదల హక్కు, గిట్టుబాటు కూలి, ఇవి కూడా తిండి సమస్యలే. సంఘం మీటింగుల్లో పట్టాల గురించి, సర్టిఫికెట్ల గురించి మాట్లాడుకున్నట్టే వీటి గురించీ మాట్లాడుకోవాలి.

యువతకు ఒక పని

చదువుకున్న మీకు ఈ సంచిక ద్వారా ఒక పని అప్పగిస్తున్నాం. మీ ఇంట్లో, మీ పేటలో అరవై దాటిన మామ్మలు, తాతలు ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చుని తిండి గురించి అడగండి. ఏ ఆకు ఏ నెలలో కోసేవారు, ఏది పసిపిల్లలకు పెట్టేవారు, ఏది బాలింతకు పెట్టేవారు, కరువు రోజుల్లో ఏం తిన్నారు, తరవాణి ఎలా పట్టేవారు. వాటి పేర్లు మన కుర్రు భాషలో ఏమంటారో కూడా రాసుకోండి. ఫోనులో గొంతు రికార్డు చేసుకోండి. గుర్తుపట్టని ఆకును మాత్రం తెలిసినవాళ్లు చూపించేదాకా తినవద్దు.

మన జాతి గురించి పోలీసు పుస్తకాల్లో చాలా రాశారు. మనవాళ్లు ఊళ్లకు ఉప్పు మోశారనీ, కరివేపాకు చేర్చారనీ, చేటలు అల్లారనీ, ఎంత పేదరికంలోనైనా నాలుగు రకాలు కలిపి పిల్లలకు పెట్టారనీ మనం రాసుకోవాలి. రాసుకోవడంతో ఆగక, వచ్చే వానాకాలం ప్రతి ఇంటి వెనక ఒక మునగ కొమ్మ పాతుదాం. వచ్చే ఏడాది సంచికలో మీరు పోగుచేసిన ఆ పేర్లు, ఆ వంటలు మీ ఊళ్ల పేర్లతో సహా అచ్చువేసుకుందాం.